పావు మార్కు ఎక్కడ పోయింది?

2024 జనవరి రెండో వారంలో నా లాప్‌టాప్‌లో ఎప్పుడు చూసినా రెండు ట్యాబులు తెరిచి ఉండేవి. ఒకదాంట్లో ఆఫీసు అప్రైజల్ ఫారం. నేను టీమ్ లీడ్ అయిన మొదటి ఏడాది అది. ఆరుగురికి ఐదుకి ఇన్ని అని అంకె వేసి, పక్కన నాలుగు వాక్యాలు రాయాలి. రెండో ట్యాబులో సంక్రాంతి సినిమాల మీద వ్యాసం. మిత్రుడొకడు నడిపే చిన్న సైటుకి రాస్తానని ఒప్పుకున్నాను. డబ్బులేం రావు, టికెట్లు కూడా మనవే. నాలుగు రోజుల్లో నాలుగు సినిమాలు చూడాలి, ఒక్కోదానికి ఐదుకి ఇన్ని అని అంకె వెయ్యాలి.

రెండూ ఒకే పని అని అప్పుడు తట్టలేదు. ఒక కుర్రాడు అడిగాక తట్టింది. దానికి ముందు సినిమాల సంగతి చెప్పాలి.

ఆ పండక్కి ఏమేం వచ్చాయో గుర్తు చేస్తాను. 12న ‘గుంటూరు కారం’, ‘హను-మాన్’. 13న ‘సైంధవ్’. 14న ‘నా సామిరంగ’. రవితేజ ‘ఈగల్’ కూడా రావాల్సింది కానీ ఇంతమందికి థియేటర్లు చాలక ఫిబ్రవరికి జరిగింది. (రవితేజ గొంతు మాత్రం పండక్కే వచ్చింది, ‘హను-మాన్’లో కోతికి.) ఒకదానికొకటి పొంతనలేని సినిమాలు. పెద్ద స్టార్‌తో పెద్ద దర్శకుడి ఫ్యామిలీ డ్రామా ఒకటి, కుర్ర హీరోతో సూపర్ హీరో కథ ఒకటి. వెంకటేష్ 75వ సినిమాగా వచ్చిన యాక్షన్ థ్రిల్లర్ ఒకటి, 80ల నాటి కోనసీమ పల్లెటూరి కథ ఒకటి.

నా వ్యాసం రాయడానికి ముందూ, రాశాక కూడా, దొరికిన సమీక్షలన్నీ చదివాను. చదువుతున్నకొద్దీ ఒకటి కనిపించింది. ఎవరి అభిప్రాయం వాళ్ళది, అందులో వింత లేదు. వింతేమిటంటే, ఒకే మనిషి నాలుగు సినిమాలకి నాలుగు వేరే కొలబద్దలు వాడుతున్నాడు. నేనూ వాడాను.

‘గుంటూరు కారం’ని అందరం కొలిచింది ఆశతో. మహేష్‌బాబు, త్రివిక్రమ్ అనగానే 2005లో వచ్చిన ‘అతడు’, 2010లో వచ్చిన ‘ఖలేజా’ గుర్తొస్తాయి. ఆ రెండింటి నీడలోనే ఈ సినిమాని చూశాం. తల్లి వదిలేసిన కొడుకు, వాడితో సంతకం పెట్టించుకోవాలని చూసే తాతయ్య, ఆ సంతకం చుట్టూ తిరిగే కథ. ఇది ఇంకో కొత్త దర్శకుడి పేరుతో వచ్చుంటే ఏమనేవాళ్ళమో నాకు తెలియదు. మేం రాసింది సమీక్ష కంటే పాత బాకీ వసూలు లాగా ఉంది.

‘హను-మాన్’ని కొలిచింది ఖర్చుతో. ‘ఇంత తక్కువ బడ్జెట్‌లో ఈ గ్రాఫిక్సా!’ అన్న మాట లేని సమీక్ష నాకు కనబడలేదు. ‘సైంధవ్’ని కథావస్తువుతో కొలిచాం. పసిపిల్లకి అరుదైన జబ్బు, 17 కోట్ల ఇంజెక్షన్, కాబట్టి మెచ్చుకునేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఇద్దరూ అక్కణ్ణించే మొదలుపెట్టారు. ‘నా సామిరంగ’ని కొలిచింది క్యాలెండర్‌తో. పండక్కొచ్చింది, పండగ గురించే ఉంది, ఇంకేం కావాలి?

బట్టని గజంతో, బెల్లాన్ని తూకంతో, బియ్యాన్ని శేరుతో, పాలని లీటరుతో కొలవచ్చు, తప్పు లేదు. కొలిచాక నాలుగు అంకెల్నీ ఒకే పట్టికలో పేర్చి ఏది ఎక్కువో చెప్పడమే మేం చేసిన పని. అదీ పావుల లెక్కలో. తెలుగు సినిమాల రేటింగులు మీరు చూసే ఉంటారు. ఐదు దాకా స్కేలున్నా కాపురమంతా రెండుంపావుకీ మూడుంపావుకీ మధ్యే. ఒకటి వేస్తే కక్ష అంటారు, నాలుగున్నర వేస్తే డబ్బు తీసుకున్నాడంటారు. ఆ ఇరుకు సందులో, పావుకీ పావుకీ మధ్య, ఒక సినిమా బతుకు ఉంటుంది. నేను ‘గుంటూరు కారం’కి 2.5, ‘హను-మాన్’కి 3.25, ‘సైంధవ్’కి 2.25, ‘నా సామిరంగ’కి 2.75 వేశాను.

ఆఫీసులోనూ పావులే. మా కంపెనీ పేరెందుకుగానీ, చాలా చోట్ల ఉన్నట్టే అక్కడా బెల్ కర్వ్ ఉంది. ఆరుగురిలో ఒకళ్ళకే నాలుగు దాటాలి, ఒకళ్ళకైనా మూడు లోపు పడాలి. అందరూ బాగా పనిచేశారంటే కుదరదు, కర్వ్ ఒప్పుకోదు. మూడు లోపు ఎవరికన్న ప్రశ్న వచ్చినప్పుడు నేను ఎక్కువసేపేం ఆలోచించలేదు. టీమ్‌లో అందరికంటే చిన్నవాడు, ఖమ్మం వైపు కుర్రాడు, 24 ఏళ్ళు. ఏడాదంతా పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి మార్చే పని చేశాడు. ఆ పని సరిగ్గా చేస్తే ఎవరికీ ఏమీ కనపడదు, అదే దాని గొప్పదనం. తప్పు జరిగితేనే అందరికీ పేరు తెలుస్తుంది. వాడి పేరు ఎవరికీ తెలియలేదు. వాడికి 2.75 వేశాను.

ఫలితాలు చెప్పిన రోజు సాయంత్రం టీ దగ్గర అడిగాడు. కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకుందామనే.

“అన్నా, ఆ పావు ఎక్కడ పోయింది?”

“అంటే... ఓవరాల్‌గా చూస్తే రా...” అన్నాను.

అలా అంటున్నప్పుడే ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. రెండు రోజుల క్రితం నేనే రాశాను. తెలుగులో సినిమా సమీక్ష ఏదైనా తీసి చివరి పేరా చూడండి, ‘మొత్తమ్మీద’ అని మొదలవుతుంది. పై పేరాల్లో కథ, నటన, సంగీతం, కెమెరా, ఎడిటింగ్ అని విడివిడిగా చెప్పిన వాటికీ కింద వేసిన అంకెకీ మధ్య ఆ ఒక్క మాటే వంతెన. ఆ వంతెన మీద ఎవరు ఎలా నడిచారో ఎవరికీ తెలియదు, నడిచినవాడికి కూడా. కోడ్‌లో ఇలాంటి ఫంక్షన్ ఎవరైనా రాస్తే నేను రివ్యూలో వెనక్కి పంపేస్తాను. ఇన్‌పుట్లు ఉన్నాయి, అవుట్‌పుట్ ఉంది, మధ్యలో ఏం జరిగిందో రాయలేదు.

తీర్పు అనేదే తప్పని నేను అనడం లేదు. ‘ఎవరి టేస్టు వాళ్ళది’ అనేవాళ్ళంటే నాకు విసుగు. ఆ మాట వినయంలా కనిపిస్తుందిగానీ అది బద్ధకం. డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచి గురించి రాసిన వ్యాసంలో డాన్ కిహోటే నుంచి ఒక కథ తీసుకున్నాడు. సాంచో పాంజా బంధువులిద్దరు ద్రాక్షసారా రుచి చూస్తారు. ఒకడు, బాగుందిగానీ కొంచెం తోలు వాసన వస్తోందంటాడు. రెండోవాడు, బాగుందిగానీ ఇనుము రుచి తగులుతోందంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇద్దర్నీ చూసి నవ్వుతారు. తీరా పీపా ఖాళీ అయ్యాక చూస్తే అడుగున తోలుతాడు కట్టిన పాత తాళంచెవి ఉంటుంది. సున్నితమైన నాలుక అనేది ఒకటుంటుందని చెప్పడానికి హ్యూమ్ ఈ కథ వాడుకున్నాడు. నాకు అందులో ఇంకోటి కనిపిస్తుంది. ఆ ఇద్దరిలో ఎవడూ ‘ఈ సారా 2.75’ అనలేదు. తోలు అన్నాడు, ఇనుము అన్నాడు. అలాంటి మాటని పీపా అడుగున వెతికి సరిచూసుకోవచ్చు. 2.75ని ఏ పీపా అడుగున వెతకాలి?

మనవాళ్ళూ దీని గురించి గట్టిగానే ఆలోచించారు. నాట్యశాస్త్రం 27వ అధ్యాయమంతా ప్రదర్శన నెగ్గిందా లేదా ఎలా తేల్చాలి అన్న దాని గురించే. ప్రాశ్నికులు అని న్యాయనిర్ణేతలుంటారు. ఒకడు కాదు. యజ్ఞం తెలిసినవాడు, నటుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణవేత్త, విలువిద్య తెలిసినవాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, ఇలా ఎవరి సంగతి వాళ్ళు చూస్తారు. వేదిక మీద విల్లు పట్టుకున్న తీరు గురించి వ్యాకరణవేత్త మాట్లాడడు. ప్రేక్షకుడికి ఉండాల్సిన లక్షణాలన్నీ చెప్పి, ఇవన్నీ ఒక్క మనిషిలో ఉండవని కూడా ఆ అధ్యాయమే ఒప్పుకుంటుంది. రాత్రి ఒంటిగంటకి కూర్చుని కథా కెమెరా సంగీతం గ్రాఫిక్స్ అన్నీ నేనొక్కణ్ణే తూచేసిన నాకు అది చదివి కొంచెం సిగ్గేసింది.

ఆ అధ్యాయంలో సిద్ధి రెండు రకాలు. ఒకటి మానుషి: జనం నవ్వడం, ఆహా అనడం, కేకలెయ్యడం, ఒంటిమీది బట్టలు తీసి విసరడం. అంటే మన ఈలలు, కాగితాలు. రెండోది దైవికి: కొట్టక నిండిపోయి, చప్పుడు లేక, అలజడి లేక ఉండటం. అక్కడే ఇంకో సరదా సంగతి ఉంది. ప్రదర్శనకి కలిగే విఘాతాల్లో శత్రువుల వల్ల వచ్చేవి కూడా ఉన్నాయి. ఈర్ష్యతో గోల చెయ్యడం, పేడా మట్టిగడ్డలూ విసరడం లాంటివి. సినిమా మొదటి ఆట పడకముందే వచ్చిపడే ఒక్క స్టార్ రేటింగుల్ని చూసి కలికాలం అనుకునేవాళ్ళు ఆ భాగం చదివితే కాస్త ఊరట పొందుతారు.

‘హను-మాన్’ చివర్లో హాల్లో జనం లేచి నిలబడి జై హనుమాన్ అన్నారు. అయోధ్యలో ప్రాణప్రతిష్ఠకి అప్పటికి పది రోజులే ఉంది. ప్రతి టికెట్టులో ఐదు రూపాయలు రామమందిరానికి ఇస్తామని సినిమావాళ్ళే ప్రకటించారు కూడా. నాకూ ఒళ్ళు జలదరించింది, అబద్ధం చెప్పను. అయితే ఆ జలదరింపులో ప్రశాంత్ వర్మ వాటా ఎంత, మా అమ్మమ్మ చిన్నప్పుడు నా చేత చదివించిన చాలీసా వాటా ఎంత? విడదీసి చెప్పలేను. చెప్పలేనప్పుడు కనీసం ‘నేను చెప్పలేను’ అని రాయాల్సింది. రాయకుండా దాన్నీ, బడ్జెట్ మీద గౌరవాన్నీ, పెద్ద సినిమా పక్కన హాళ్ళు సరిగా దొరకని సినిమా మీద సానుభూతినీ కలిపి 3.25 చేశాను. విలన్ పాత్ర పైపైనే తేలిపోయిందన్న నా అసలు ఫిర్యాదు ఆ అంకెలో ఎక్కడా లేదు.

ఈ తక్కువ బడ్జెట్ రాయితీ న్యాయమేనా? దీని మీద నాలో నాకే తగువు. ఇంజినీరింగ్ చదివినవాడిగా ఒప్పుకోవాల్సిందే, ఎంత ఖర్చులో కట్టారన్నది వంతెన నాణ్యతలో భాగమే. ఖర్చుతో పని లేకపోతే ఎవడైనా కడతాడు. కానీ వంతెన మీద నడిచేవాడికి ఖర్చుతో ఏం పని? నిలబడుతుందా లేదా, అంతే. పైగా రాయితీలో ఒక చిన్నచూపు ఉంది. ‘పాపం చిన్నవాడు, బానే చేశాడు’ అనడంలో, పెద్దవాళ్ళతో సమానంగా నిన్ను లెక్కలోకి తీసుకోలేదు అనే మాట కూడా ఉంది. మా టీమ్ కుర్రాడికి పావు తగ్గించినప్పుడు నా మనసులో నడిచింది కూడా ఇదే అనుకుంటా. చిన్నవాడు కదా, వచ్చే ఏడాది చూసుకోవచ్చు. సినిమాకి చిన్నతనం కలిసొచ్చింది, వాడికి ఎదురు తిరిగింది. రెండు చోట్లా నేను చూసింది పనిని కాదు.

‘సైంధవ్’ విషయంలో మాత్రం నేను రాసినదాని మీదే ఉన్నాను. ఆ పాపకి జబ్బు లేకపోయినా ఈ కథలో తుపాకులూ ముఠాలూ ఛేజింగులూ ఇలాగే ఉండేవని రాశాను. దానికి ఒకరు మెయిల్ పెట్టారు, మీకు పిల్లలున్నారా అని. లేరు. కానీ 2021లో హైదరాబాద్‌లో ఇదే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ ఉన్న పసివాడి ఇంజెక్షన్ కోసం జనం 16 కోట్లు పోగు చేసినప్పుడు మా ఫ్లోర్‌లో లింకు తిరిగింది, నేనూ ఐదొందలు పంపాను. ఆ పదహారు కోట్లు చాలావరకు అలా చిన్న చిన్న మొత్తాలుగా కలిసినవే. ఒక ఊరి నిండా తెలియనివాళ్ళు తలా కాస్తా వేసి ఒక పిల్లాణ్ణి బతికించుకోవడం, అసలు కథ అదీ. సినిమా దాన్ని పెట్టుకుని కూడా తుపాకి తీసింది. వస్తువు గొప్పది కాబట్టి సినిమాకి ఒక పావు ఎక్కువ వెయ్యాలంటే నాకు చేతకాదు. ఆ బరువు ఎత్తుకుంటానని ముందుకొచ్చినవాడు దాన్ని మధ్యలో కింద పెట్టేస్తే, అసలు ఎత్తుకోనివాడి కంటే ఎక్కువ జవాబు చెప్పాలి. ఈ మాట కూడా నేను రాయాల్సింది. బదులుగా 2.25 అన్నాను, ఆ మెయిల్ పెట్టినాయనకి కోపం వచ్చింది. ఆయన్ని నేను తప్పుపట్టలేను.

ఇక ‘నా సామిరంగ’. దాని గురించి నా వ్యాసంలో మూడు వాక్యాలున్నాయి. 2019 నాటి మలయాళం సినిమా ‘పొరింజు మరియం జోస్’కి రీమేక్, పండగ వాతావరణం బాగుంది, కీరవాణి సంగీతం. అంతే. అమ్మా నాన్నా తెనాలిలో కనుమ నాడు అదే సినిమాకి వెళ్ళొచ్చారు. రాత్రి నాన్న ఫోన్ చేసి ప్రభల తీర్థం గురించి పావుగంట మాట్లాడాడు. కోనసీమ ప్రభలు వేరు, మన కోటప్పకొండ ప్రభలు వేరు. వాళ్ళది కనుమ నాడు, మనది శివరాత్రికి. వాళ్ళు ప్రభని భుజాల మీద మోసుకుంటూ కాలవలూ పొలాలూ దాటిస్తారు, మన ప్రభలేమో కరెంటు దీపాలతో తాటిచెట్లని మించి ఉంటాయి. చిన్నప్పుడు ఎడ్లబండి మీద కోటప్పకొండ వెళ్ళిన సంగతి, తిరిగొచ్చేటప్పుడు నిద్రపోయి బండి మీంచి జారిపడిన సంగతి చెప్పాడు. నాగార్జున గురించి ఒక్క మాట కూడా రాలేదు.

“నీది చదివాన్రా,” అన్నాడు చివర్లో. “సినిమా చూసినట్టు లేదు. దిద్దినట్టుంది.”

నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. ఏటా పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళేవాడు. కాబట్టి దిద్దడం అన్నప్పుడు ఆయన తిట్టుగా అనలేదని తర్వాత అర్థమైంది. నేనే ఉడుక్కుని, “నువ్వు వేల పేపర్లు దిద్దావు కదా, నీకు ఎప్పుడూ అనిపించలేదా, అర మార్కు అటూ ఇటూ అయిందని?” అన్నాను.

“పొద్దున మొదటి పది పేపర్లకి చెయ్యి బిగిసి ఉంటుందిరా. ఆ తర్వాత పిల్లలెంత రాస్తున్నారో తెలుస్తుంది, చెయ్యి వదులవుతుంది. అందుకని మధ్యాహ్నం అన్నం తిని వచ్చాక ఆ మొదటి పదీ మళ్ళీ తీసి చూసేవాణ్ణి.”

“మార్చేవాడివా?”

“ఎక్కువసార్లు మార్చేవాణ్ణి కాదు. కానీ చూసేవాణ్ణి.”

ఆ ఏడాది మార్చిలో కేరళ హైకోర్టుకి అమికస్ క్యూరీ ఒక నివేదిక ఇచ్చారు. సినిమా విడుదలైన 48 గంటల దాకా వ్లాగర్లు సమీక్షలు పెట్టకుండా ఉంటే మంచిదని అందులో ఒక సూచన. మనవాళ్ళు కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు భావస్వేచ్ఛ అన్నారు. ఆ 48 గంటలు వసూళ్ళని కాపాడటానికి. సినిమాని కాపాడటానికి కాదు. నూటయాభై రూపాయలు పెట్టి టికెట్ కొన్నవాడు బయటికొచ్చి బాగాలేదనడాన్ని రెండ్రోజులు ఎవరాపుతారు, ఎందుకాపాలి? నలుగురున్న కుటుంబం మల్టీప్లెక్సుకి వెళితే పాప్‌కార్న్‌తో కలిపి రెండు వేలు తేలిగ్గా అవుతుంది. ‘వెళ్ళొచ్చా?’ అని వాళ్ళడిగే ప్రశ్నకి జవాబు గబుక్కున కావాలి, దానికి అంకె చాలు, దాంట్లో అవమానమేం లేదు. ‘ఎలా ఉంది?’ అన్నది వేరే ప్రశ్న. మొదటి దానికి వేసిన అంకెని రెండోదానికి జవాబుగా అతికించడం దగ్గరే గొడవంతా.

ఫిబ్రవరి 9న ‘గుంటూరు కారం’ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. నాన్న మాట గుర్తొచ్చి మళ్ళీ పెట్టాను. మొదటిసారి చూసింది, ముందురోజు రాత్రంతా ఆన్‌కాల్‌లో ఉండి, నిద్రలేకుండా, తెల్లవారుజామున, అరుపుల మధ్య. రెండోసారి ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, నాన్న లాగే. రెండో సగం అప్పుడూ సాగదీతే, ఇప్పుడూ సాగదీతే. సంభాషణల్లో పాత మెరుపు వెతుక్కోవాల్సే వచ్చింది. కానీ కొడుకు వెటకారమంతా తల్లి ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఎలా తగ్గిపోతుందో, ఆ తగ్గడాన్ని మహేష్ ఎంత తక్కువతో చేశాడో మొదటిసారి నాకు కనబడనే లేదు. థియేటర్లో ఈలల్లో పోయింది. కొంత నా నిద్రలోనూ పోయింది. అంకె మారుస్తానా అంటే మార్చను, 2.5 దగ్గరే ఉంటాను. కానీ ఆ 2.5 వేరు, ఈ 2.5 వేరు.

వ్యాసంలోంచి అంకెలు నాలుగూ తీసేసి, తల్లి గుమ్మం గురించీ, ఐదొందల గురించీ, చాలీసా గురించీ తలా ఓ పేరా చేర్చి మిత్రుడికి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. “అంకె లేకపోతే ఎవరూ క్లిక్ చెయ్యరు బాబాయ్” అన్నాడు. రెండు రోజులు వాదించుకుని, అంకెల్ని అట్టడుగున చిన్న అక్షరాల్లో పెట్టుకోనిచ్చాను. అది రాజీయే, కాదనను.

ఆఫీసు సంగతి అంత తేలిగ్గా అవలేదు. సిస్టమ్ అప్పటికే లాక్ అయింది. మేనేజర్‌ని అడిగితే, ఒకరికి పెంచితే ఇంకొకరికి తగ్గించాలి, ఎవరికి తగ్గిద్దామో చెప్పు అన్నాడు. చెప్పలేకపోయాను. మిగతా ఐదుగురి పేర్లూ ఒకసారి మనసులో అనుకుని ఊరుకున్నాను. ఒక శనివారం కూర్చుని ఆ కుర్రాడి ఏడాది కమిట్లన్నీ మొదట్నుంచీ చదివాను, మొదటిసారి. ఏప్రిల్‌లో అర్ధరాత్రి రెండింటికి వాడు పట్టుకున్న ఒక తప్పు ఉంది. అది అలాగే వెళ్ళిపోయుంటే రెండు లక్షల రికార్డుల్లో తేదీలు తారుమారయ్యేవి. కమిట్ మెసేజ్‌లో ‘తేదీ ఫార్మాట్ సరిచేశాను’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. దాని గురించీ, ఇంకో మూడింటి గురించీ, వాడు ఇంకా నేర్చుకోవాల్సిన రెండింటి గురించీ పేజీన్నర రాశాను. బెల్ కర్వ్ గురించి కూడా దాచకుండా రాశాను. పావు ఎక్కడా పోలేదు, నేనే తీశాను అని రాసి పంపాను.

సోమవారం పొద్దున జవాబొచ్చింది.

“చాలా థాంక్స్ అన్నా. అమ్మకి చదివి వినిపించా. ఇంతకీ రేటింగ్ మారుతుందా?”